అర నిమిషం మౌనం

మనిషి మొహం చూడకుండా అతని బతుకు తేల్చేసే శాస్త్రాలు లోకంలో రెండే ఉన్నాయి: ఒకటి జాతకం, రెండోది విశ్వవిద్యాలయాల వారి ఫోన్ ఇంటర్వ్యూ. మొదటిదానికి పరిహారాలైనా ఉన్నాయి.

రెండో శాస్త్రానికి ఒక నియమావళి ఉంది. దాని ప్రకారం కమిటీలో ఐదుగురు, ఫోను ఒక్కటి. ఆ ఫోను చెవి సరిగా వినపడని సభ్యుడి ముందు పెట్టాలి. ప్రశ్నలడిగే అధ్యక్షులవారు బల్లకి ఆ చివర కూర్చోవాలి. అభ్యర్థి "వినపడలేదండీ" అంటే ఒక మార్కు కోత (శ్రద్ధ లేదని). వినపడకుండానే జవాబు చెబితే రెండు మార్కులు అదనం (విషయ పరిజ్ఞానం ఉందని). అన్నిటికంటే ముఖ్యం పదకొండో నియమం: ప్రతి జవాబు తర్వాత కమిటీ అర నిమిషం నోరు మెదపకుండా మార్కులు వేసుకోవాలి. ఈ సంగతి అభ్యర్థికి చెప్పకూడదన్నది పన్నెండో నియమం.

మా బావకి ఇవేవీ తెలియవు (నాకూ తర్వాతే తెలిశాయి). అతను పదిహేనేళ్లుగా నత్తల నడక మీద పరిశోధన చేస్తున్నాడు (పరిశోధన కూడా అదే నడక నడిచిందని మా అక్క అంటుంది). ఇన్నాళ్లకి నత్తల విభాగంలో శాశ్వత ఉద్యోగం ఒకటంటే ఒకటి పడింది. వయోపరిమితి నలభై అయిదు. బావకి అది నిండటానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఇది పోతే ఇక జన్మంతా గంటల లెక్కన పాఠాలు చెప్పుకోవడం, సెలవులొస్తే ఇంట్లో కూర్చోవడం. అందుకే వారం నుంచీ అక్క నిద్రపోలేదు, మమ్మల్ని పోనివ్వలేదు.

ఇంటర్వ్యూ రోజున బావ కోటు, టై, పాలిష్ చేసిన బూట్లు వేసుకుని స్నానాల గదిలో వాషింగ్ మెషీన్ మీద కూర్చున్నాడు. ఇంట్లో సిగ్నల్ నిలిచేది అక్కడే. (ఫోనులో బూట్లు కనపడవు కదా అన్నాను. గొంతులో తెలుస్తాయన్నాడు.) అక్క బకెట్ బోర్లించుకుని ఎదురుగా కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"నత్తల నడక వల్ల సమాజానికి ప్రయోజనం ఏమిటండీ?" అని అధ్యక్షులవారు అడిగారు.

బావ నాలుగు నిమిషాలు చెప్పాడు. ఒట్టు, అంత బాగా చెబుతాడని నేను కలలో కూడా అనుకోలేదు. నాకే నత్తలంటే గౌరవం పుట్టుకొచ్చింది. అవతల ఐదుగురూ తల దించుకుని మార్కులు వేసుకోసాగారు. ఇవతల బావకి వినపడింది నిశ్శబ్దం ఒక్కటే.

"అంటే... అంత ప్రయోజనం లేదనేవాళ్లూ ఉన్నారండి," అన్నాడు.

ఇది కొత్త జవాబు. కనక నియమం ప్రకారం అర నిమిషం మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

"వాళ్లు అన్నదాంట్లోనూ నిజం లేకపోలేదండి."

మరో అర నిమిషం.

అధ్యక్షులవారి దగ్గర ఇంకా తొమ్మిది ప్రశ్నలున్నాయి, పాపం, అడిగే సందే దొరకలేదు. బావ ముందు తన పరిశోధనలో మొదటి అధ్యాయం తప్పని ఒప్పుకున్నాడు. తర్వాత రెండోది. ఏడో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి గొంతు కూడా స్థిరపడింది, ఉదాహరణలు కూడా ఇస్తున్నాడు. అక్క నోటి మీద వేలు పెట్టుకుంది, చేతులు జోడించింది, చివరికి సబ్బు పొడి డబ్బా చింపి దాని మీద కాటుక పెన్సిలుతో "ఇక చాలు, ఆపండి" అని రాసి చూపించింది. బావ అప్పటికి తనలో తాను లేడు. ఎదురుగా ఏం కనపడితే అది చదివేశాడు.

"ఇక చాలు, ఆపండి," అన్నాడు ఫోనులోకి.

అటువైపు మరో అర నిమిషం గడిచాక ధన్యవాదాలు వినిపించాయి.

మూడో రోజుకే ఉత్తరం వచ్చింది. అభ్యర్థి వాదనాపటిమ అసామాన్యమనీ, ఆయన వాదనతో కమిటీ ఏకగ్రీవంగా ఏకీభవించి నత్తల విభాగాన్ని ఈ నెలాఖరుకి మూసివేయాలని తీర్మానించిందనీ అందులో ఉంది.

"అర నిమిషం నోరు మూసుకుని కూర్చోలేకపోయారా?" అంది అక్క. ఆ గొంతులో కోపం కూడా మిగల్లేదు.

బావ ఉత్తరం అందుకుని అర నిమిషం పైనే ఏమీ మాట్లాడకుండా చూశాడు.

"ఐదుగురూ ఒప్పుకున్నారా?" అన్నాడు.

పదిహేనేళ్లలో అతని మాట ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదటిసారి.