డెల్మర్ ఇంజన్ కోసం సంఘ ప్రార్థన

ఆ ఆదివారం పొద్దున డెల్మర్ ఫౌట్స్ వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. చర్చికి వెళ్లాలి. ఇంటికొచ్చి భోంచేయాలి. సోమవారం ఉత్తరాలు పంచడం అయ్యాక, ఇంజన్లు కట్టే రస్ టింగ్లీ షెడ్డుకు వెళ్లి "మొదటి కాగితం ప్రకారం కానివ్వు" అని చెప్పాలి. గుడ్లు, వేయించిన బంగాళాదుంపలు ముందు పెట్టుకుని ఆ మాటను రెండుసార్లు లోపల్లోపలే అని చూసుకున్నాడు కూడా.

కాగితాలు మొత్తం మూడు. పోయిన శీతాకాలం ముందు ఒక పొలం వేలంలో అతను కొన్న పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి నాటి ఆకుపచ్చ కారుకు అన్నీ ఉన్నాయి, ఇంజన్ తప్ప. దానికి ఎలాంటి ఇంజన్ కట్టవచ్చో రస్ మూడు రకాలుగా రాసిచ్చాడు. మొదటిది నెమ్మదైనది. ఏ బంకులో పోసిన పెట్రోలైనా తాగుతుంది, ఏసీ నడుస్తుంది, బ్రేకు మీద కాలు ఆనిస్తే ఆగుతుంది. రెండోది కాస్త పొగరుగా ఉంటుంది. మూడోదాని కింద రస్ తనే "ముందు మీ ఆవిడను అడుగు" అని రాశాడు. ఆ మూడు కాగితాలూ ఐదు వారాలుగా డెల్మర్ తపాలా సంచిలో పడి జిల్లాలోని కంకర రోడ్లన్నీ తిరిగాయి.

నిజానికి అతను అంతగా ఆలోచించవలసిన పని లేదు. కారు నోరీన్ కోసం. నోరీన్ వృద్ధాశ్రమం వంటగదిలో తెల్లవారుజామున నాలుగింటికి పనిలోకి దిగుతుంది, రాత్రి ఎనిమిదింటికల్లా నిద్రపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఇప్పుడు వాళ్ల మాటలన్నీ ఫ్రిజ్ తలుపు మీద అతికించిన చీటీల్లోనే సాగుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, నలభై మైళ్ల అవతల ఉన్న సరస్సు దాకా తీరిగ్గా వెళ్లాలి, దారిపొడుగునా మాట్లాడుకోవాలి. డెల్మర్ కోరిక అంతే. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, నోరీన్‌కి కూడా.

అయితే ముందు రోజు శనివారం మంగలి షాపులో హోబర్ట్ యోస్ట్ అతని మొదటి కాగితాన్ని చదివాడు. చర్చిలో కానుకల పళ్లెం తిప్పేది హోబర్టే. కాగితం మడిచి ఇస్తూ, ఈ ఇంజన్‌తో పెరట్లో గడ్డి బాగా కోసుకోవచ్చయ్యా అన్నాడు. మంగలి కత్తెర ఆపి మరీ నవ్వాడు.

ఆ నవ్వు ఆదివారం దాకా డెల్మర్ చెవుల్లోనే ఉంది. అందుకే ఆరాధన మధ్యలో పాస్టర్ ఎప్పటిలాగే "ఎవరికైనా ప్రార్థన మనవులు ఉన్నాయా" అని అడిగినప్పుడు, ఒకరు తుంటి ఎముక ఆపరేషన్ గురించి, ఇంకొకరు వానల గురించి చెప్పాక, అతని చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఇంజన్ విషయంలో తనకు సరైన నిర్ణయం కావాలని చెప్పి కూర్చున్నాడు. నోరీన్ తలతిప్పి ఒకసారి చూసింది. పాస్టర్ కళ్లు మూసుకుని, ఈ సహోదరునికి తగిన ఇంజన్‌ను చూపించు ప్రభువా అని ఎంతో గంభీరంగా అడిగారు. సంఘమంతా ఆమేన్ అంది.

ఆ చర్చిలో మనవి చెప్పడమంటే అక్కడితో అయిపోయే పని కాదు. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు నలుగురికి ఫోన్ చేసి చెప్పుకుంటారు. సాయంత్రానికి నలభై మూడు ఇళ్లలో డెల్మర్ ఇంజన్ కోసం తలలు వంచారు. ప్రార్థించి ఊరుకునే అలవాటు కూడా వాళ్లకు లేదు. ఎవరింట్లో కష్టం వచ్చినా ఏదో ఒకటి వండి గిన్నెతో సహా పట్టుకెళ్లి ఇవ్వాల్సిందే. అలా వచ్చిన గిన్నెను వద్దని నిండుగా వెనక్కి పంపిన మనిషి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

సోమవారం డెల్మర్ బయల్దేరేలోపే హోబర్ట్ యోస్ట్ ట్రక్కు వాకిట్లో ఆగింది. ప్రార్థన చేస్తుండగా తన గరాజ్ అటక గుర్తొచ్చిందట. అక్కడ ఇరవై ఏళ్లుగా పడి ఉన్న, ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి పట్టే జంట కార్బురేటర్లను బిడ్డను దింపినట్టు దింపాడు. డెల్మర్ థాంక్స్ చెప్పాడు. ఆ ఊరి మనిషికి ఇంకో మాట రాదు.

వాటిని చూసి రస్ పెదవి విరిచాడు. అతను చర్చికి వెళ్లే రకం కాదు. ఇవి ఎత్తుగా ఉంటాయి, బానెట్ మూతపడదు, దానికి కంత కొయ్యాలి అన్నాడు. కంతే కదా అని డెల్మర్ సర్దుకున్నాడు.

బుధవారం ఓపల్ రైన్‌హార్ట్ తన ఇంటి ముందు తపాలా పెట్టె దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. చేతుల్లో పాత తువ్వాలు చుట్టిన పొడవాటి వస్తువు ఉంది. ఆవిడ భర్త బ్యూఫర్డ్ ఒకప్పుడు పావు మైలు పందేల్లో కారు నడిపేవాడు. అందులో ఉన్నది అతని కామ్‌షాఫ్ట్, అంటే ఇంజన్ ఎప్పుడు ఊపిరి పీల్చాలో ఎప్పుడు వదలాలో చెప్పే కడ్డీ.

"పన్నెండేళ్లుగా నా మంచం కింద ఉంది నాయనా," అంది ఓపల్. "ప్రతి క్రిస్మస్‌కీ నూనె రాస్తున్నాను, ఎందుకో నాకే తెలీకుండా. మొన్న ఆదివారం ప్రార్థనలో తెలిసింది."

"ఇంత విలువైనది నాకెందుకండీ, మిసెస్ రైన్‌హార్ట్."

"నాకు మాత్రం ఎందుకు?" అంటూ ఆవిడ తువ్వాలు సర్ది అతని చేతుల్లో పెట్టింది.

రస్ ఆ కడ్డీని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"ఇది రోడ్డు మీద తిరిగే కారుకి కాదు డెల్మర్. దీన్ని గోడకి తగిలించుకో."

"ఆవిడ రోజూ పెట్టె దగ్గరే నిలబడి అడుగుతుంది రస్. వారానికి ఆరు రోజులు."

"అయితే ఊరు మారు."

డెల్మర్ ఊరు మారలేదు. తల ఊపాడు. ఆ తల ఊపడంతోనే కథ అతని చేతుల్లోంచి జారిపోయింది. ఆ కామ్‌షాఫ్ట్‌కి మామూలు పిస్టన్లు సరిపోవని రస్ చెప్పిన గంటకు ఆ సంగతి ఫోన్లలో ప్రయాణం కట్టింది. గాయక బృందంలో బొంగురు గొంతుల లాంట్జ్ సోదరులు ఎనిమిది పందెపు పిస్టన్లు తెచ్చారు. అవి పెట్టాక బంకు పెట్రోలు పనికిరాదు, పందెపు మైదానంలో డ్రమ్ముల్లో అమ్మేది పొయ్యాలి. సండే స్కూలు టీచరు లావుపాటి పొగ గొట్టాలు తెచ్చింది. వాటికి చోటివ్వడానికి ఏసీ తీసేశారు. ఆ కామ్‌షాఫ్ట్ ఇంజన్‌ను ఎంత కుదుపుతుందంటే ఇంజన్ నుంచి బ్రేకుకి దొరకాల్సిన సాయం దొరకదు కాబట్టి, ఇకమీదట రెండు కాళ్లతో తొక్కుకొమ్మని రస్ సలహా ఇచ్చాడు. కంత కోసిన బానెట్‌ను చూసి మీ దేవుడికి ఇంజన్లు తెలుసా అని కూడా అడిగాడు. ఆ ప్రశ్న డెల్మర్‌ను ఓ వారం పాటు వదల్లేదు. లోకాన్ని చేసినవాడికి కార్బురేటర్ తెలియకపోదు. మరి తెలిసినవాడు ఆపడేం?

ప్రతి నష్టాన్నీ అతను ఫ్రిజ్ మీద చీటీ రాసి నోరీన్‌కి తెలిపాడు. ఏసీ ఉండదు, క్షమించు. పెట్రోలు కోసం ముప్పై మైళ్లు వెళ్లాలి, క్షమించు. చప్పుడు కొంచెం ఎక్కువ. ప్రతి చీటీ కిందా నోరీన్ "సరే" అని రాసింది. ఆ చిన్న మాటలో డెల్మర్‌కి ముప్పై ఒక్క ఏళ్ల నిరాశ కనిపించేది. అలిగిందనుకుంటే అడగొచ్చు, పోట్లాడితే బతిమాలొచ్చు. సరే అన్న మనిషిని ఏం చేస్తాం?

మే నెల చివరి ఆదివారం ఆరాధన అవగానే సంఘమంతా పార్కింగ్‌లో చేరింది. పాస్టర్ కంత పెట్టిన బానెట్ మీద చెయ్యి ఉంచి ఆశీర్వదించారు. నోరీన్ పసుపుపచ్చ గౌను వేసుకుని, ఒళ్లో శాండ్‌విచ్‌ల బుట్టతో పక్క సీట్లో కూర్చుంది. డెల్మర్ తాళం తిప్పాడు. చుట్టూ ఆగి ఉన్న కార్లలో ఐదింటికి అలారాలు మోగాయి. చర్చి కిటికీల అద్దాలు గజగజలాడాయి. చంటిబిడ్డ ఒకటి గుక్కపట్టింది. ఓపల్ రైన్‌హార్ట్ తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ, బ్యూఫర్డ్ గొంతు ఇదేనని పక్కవాళ్లకు చెప్పింది. చెప్పిందని డెల్మర్‌కి తర్వాత తెలిసింది. ఆ క్షణంలో అతనికి ఏమీ వినబడలేదు.

పదకొండు మైళ్లు వెళ్లారు. మాట్లాడదామని అతను మూడు నెలలుగా దాచుకున్న మాటల్లో మొదటిదాన్ని మూడుసార్లు అరిచి చెప్పాడు. నోరీన్ చెవి దగ్గర చెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపింది. ఆగిన ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ ఆరిపోయింది. నోరీన్ రెండు చేతులూ ముందున్న డ్యాష్‌బోర్డుకు ఆనించి, కళ్లు మూసుకుని బిగుసుకుపోయి ఉంది. ఇంటికి ప్రాణాలతో చేరాలని ప్రార్థిస్తోందని డెల్మర్‌కి అర్థమైంది. మొక్కజొన్న గిడ్డంగి ముందు ఖాళీ స్థలంలో కారు ఆపి, తాళం తీసేశాడు.

ఆ నిశ్శబ్దం కూడా భరించేట్టు లేదు.

"నోరీన్, నేను ఇది కోరలేదు," అన్నాడు. "ఆ మూడు కాగితాల్లో దేంట్లోనూ ఇది లేదు. ఎవరేం తెచ్చినా తల ఊపాను. నీతో కూర్చుని మాట్లాడుతూ వెళ్లాలనుకున్నాను, అంతే."

ఆమె కళ్లు తెరిచింది.

"రేపే రస్‌తో చెప్పి అన్నీ విప్పించేస్తాను. ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తాను. ఓపల్‌కి కూడా నేనే చెప్పుకుంటాను, ఏమనుకున్నా సరే."

యాభై ఆరేళ్ల జీవితంలో డెల్మర్ ఒకరికి వద్దు అని చెప్పడానికి సిద్ధపడటం అదే మొదటిసారి.

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను," అంది నోరీన్.

"ఏంటి?"

"మా నాన్న ట్రాక్టర్ పోటీలకి వెళ్లేవాడని తెలుసుగా. అన్నయ్యలిద్దరికీ నడపడం నేర్పాడు. నన్ను నిమ్మరసం అమ్మమన్నాడు. ఏడు వేసవులు, డెల్మర్. ఆ చప్పుడు వింటూ నిమ్మకాయలు పిండాను." బుట్ట తీసి అతని ఒళ్లో పెట్టింది. "కళ్లు మూసుకుని వింటున్నా ఇందాకట్నుంచీ. నాలుగో సిలిండర్ కొంచెం వెనకబడుతోంది. లే, ఇటొచ్చి కూర్చో."

సరస్సుకు వాళ్లు ఆ రోజు వెళ్లలేదు. దాన్ని దాటి ఇంకా ముందుకు వెళ్లిపోయారు. నోరీన్ రెండు కాళ్లతో బ్రేకు తొక్కి ఆపిన చోటుకు ఏ పేరూ లేదు. శాండ్‌విచ్‌లు వెనక సీట్లో దొరికాయి.

జూన్ నుంచి ప్రతి శనివారం ఆమె పందెపు మైదానంలో పావు మైలు నడుపుతోంది. కారు బరువు తగ్గాలని రెండో పందేనికే పక్క సీటు విప్పేశారు. ఓపల్, హోబర్ట్, లాంట్జ్ సోదరులు మెట్ల మీద వరసగా కూర్చుని, ఇది ప్రార్థన ఫలమని కొత్తవాళ్లకు చెబుతుంటారు. రస్ టింగ్లీ కూడా వాళ్ల పక్కన కూర్చుంటున్నాడు, ఇంకా ఆమేన్ అనడం లేదు. కంచె దగ్గర నిలబడి డెల్మర్ ఒక్కోసారి ఆలోచిస్తాడు. ఆ రోజు చర్చిలో తను అడిగింది ఇంజన్ గురించే, నోరీన్ గురించి కాదు. అడిగినదానికి జవాబు వచ్చింది. అడగనిదాన్ని కూడా దేవుడు విన్నాడా అన్నది మాత్రం అతనికి ఇంకా తేలలేదు.

విన్నాడనే అనుకోవాలి, ఎందుకంటే నోరీన్ ఇప్పుడు రాత్రి పదింటిదాకా మేలుకుని, సోమవారం నుంచి శుక్రవారం వరకు అతనితో ఆపకుండా మాట్లాడుతోంది, కార్బురేటర్ గురించి.