అయిదు గ్రాముల సముద్రం

తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరైన ఇన్‌స్పెక్టరు గారికి రెండు నెలలుగా ఒకటే దిగులు. ఊళ్ళో ఆయన ముద్ర పడని తక్కెడ లేదు. అలాంటిది ఆయన ఇంట్లోనే, ఆయన కళ్ళెదుటే, వెనక గదిలో ఒక చిన్న త్రాసు ఎవరి ముద్రా లేకుండా దర్జాగా తూస్తోంది.

అంకెలు చూపించే ఆ ఎలక్ట్రానిక్ త్రాసు వాళ్ళావిడది. ఆవిడ తెల్లటి ఉన్ని దారం చిలపలు, అంటే చుట్టలు, తెప్పించి, వాటికి రంగులు వేసి అల్లికల వాళ్ళకి అమ్ముతుంది. రంగు పొడిగా, డబ్బాల్లో వస్తుంది. ప్రతిసారీ చిటికెడు పొడి తూచుకుంటూ కూర్చుంటే ఒకనాటి ఛాయ ఇంకోనాడు రాదు. అందుకని ఒక్కసారే జాగ్రత్తగా తూచి, నీళ్ళలో కలిపి, సీసాల్లో పోసి ఉంచుకుంటుంది. దాన్ని ఆవిడ 'స్టాక్' అంటుంది. రంగు వేసే రోజున సీసాలోంచి ఇన్ని మిల్లీలీటర్లని కొలిచి గిన్నెలో పోసి, కాస్త వెనిగర్ చుక్కలు వేసి, పొయ్యి మీద పెడుతుంది. వేడి, పులుపు రెండూ తగిలితే ఆ రంగు ఉన్నిని పట్టుకుని ఇక వదలదు.

ఇదంతా ఇన్‌స్పెక్టరు గారు గుమ్మం బయటి నుంచి చూసి నేర్చుకున్న విద్య. లోపలికి ప్రవేశం లేదు. తలుపు మీద ఆవిడ ఒక కాగితం అంటించింది: 'ఫ్యాన్ వేయరాదు. తుమ్మరాదు. ఇన్‌స్పెక్టర్లు రారాదు.'

"ఏమే, ఆ త్రాసు కొని ఎన్నాళ్ళయింది?" అని అడిగారాయన శనివారం పొద్దున, గుమ్మం బయట కుర్చీ వేసుకుని.

"నాలుగేళ్ళు."

"ఒక్కసారైనా తనిఖీ చేయించావా?"

"మిమ్మల్ని పెళ్ళి చేసుకుని ముప్పై ఏళ్ళయింది. తనిఖీ చేయించానా?"

ఇన్‌స్పెక్టరు గారు మీసం దువ్వుకున్నారు. అది తెల్లటి, ఒత్తైన, కొసలు పైకి తిరిగిన మీసం. ఒకప్పుడు దాన్ని దూరం నుంచి చూసి కొట్లు కట్టేసిన వ్యాపారులున్నారు. ఇంట్లో మాత్రం ఆ మీసానికి పలుకుబడి తక్కువ.

"వంద మిల్లీలీటర్ల నీళ్ళకి ఒక గ్రాము పొడి. ఇంతేగా? దీనికి చేతికి తొడుగులు, మూతికి గుడ్డ, తలుపులు బిగించుకోవడం! ఏదో బాంబు చేస్తున్నట్టు."

"ఆ ఒక్క గ్రామూ కలిపేటప్పుడు మీరు పక్కన లేకుండా చూసుకోవాలి. అసలు కిటుకు అదే."

ఆవిడ ఇలా చురకలు వేస్తున్నా లోపల కంగారుగానే ఉంది. వీధి చివర ఉండే పాటల టీచరు తన పిల్లల బృందానికి మఫ్లర్లు అల్లిద్దామని పన్నెండు చిలపలు అడిగింది. అన్నీ ఒకే రంగు. ఆకుపచ్చ కలిసిన ఆ నీలానికి ఆవిడ 'సముద్రం' అని పేరు పెట్టుకుంది. పది చిలపలు అయిపోయాయి. మిగిలిన రెండూ సోమవారం పొద్దున వేయాలి, మధ్యాహ్నానికి టీచరు వస్తుంది. ఆవిడకి దొరికిన మొదటి పెద్ద పని ఇది.

"ఆ రెండూ పదింటితో కలవకపోతే వేదిక మీద ఇద్దరు పిల్లలు వేరుగా కనిపిస్తారండీ. రంగు వేయడం రాని మనిషి వేసిందని అందరికీ తెలిసిపోతుంది" అంది రాత్రి భోజనం దగ్గర. ఆ గొంతులోని బెరుకు విని ఇన్‌స్పెక్టరు గారికి జాలేసింది. ఈ మనిషికి ఏదైనా సాయం చేయాలని ఆ క్షణంలోనే అనుకున్నారు. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

ఆదివారం పొద్దున ఆవిడ అక్కగారింటికి బయలుదేరింది. చెప్పులేసుకుని, వెనక్కి తిరిగి, "ఆ గదిలోకి వెళ్ళకండి" అంది. గేటు దాటి మళ్ళీ వెనక్కి వచ్చి, "వెళ్ళరుగా?" అంది.

"నాకేం పని?" అన్నారాయన. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడని చూసి, బీరువా తెరిచి, రిటైరైనప్పుడు తోటివాళ్ళు బహూకరించిన ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె తీశారు.

ఆయన ఉద్దేశం మంచిదే. త్రాసుని రహస్యంగా తనిఖీ చేసి, తేడా ఉంటే సరిచేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. సోమవారం రంగు అచ్చంగా కలిసి, ఆవిడ మురిసిపోతున్నప్పుడు అసలు సంగతి చెప్పి మీసం దువ్వుకోవాలి.

పెట్టెలోంచి ముందుగా రెండు కిలోల రాయి తీసి, చోటు లేక, సీసాలున్న అలమర చెక్క మీద ఓ చివర పెట్టారు. చెక్క నాలుగేళ్ళుగా అక్కడే ఉంది గానీ దానికి మేకులు లేవు. రాయి ఉన్న వైపు దిగింది, రెండోవైపు లేచింది. సీసాల్లో ఒకటి మాత్రం జారి కింది సింకులో పడింది. మూత ఊడింది. ఆయన వంగేలోపు నీలం నీళ్ళు గుడగుడమంటూ తూములోకి వెళ్ళిపోయాయి.

ఖాళీ సీసా చేతిలోకి తీసుకుని చీటీ చదివారు. 'సముద్రం. స్టాక్.'

ప్రభుత్వ ముద్ర ఉన్న రాయి, అందులోనూ తన సొంత రాయి, ఇంత పని చేస్తుందని ఆయన ఊహించలేదు. ఆవిడ భోజనం దగ్గర అన్న మాట గుర్తొచ్చింది. ఇద్దరు పిల్లలు వేరే రంగు మఫ్లర్లతో బిక్కమొహాలేసుకుని నిలబడ్డట్టు కళ్ళకి కట్టింది.

అంతలో ఆవిడ నోటు పుస్తకం కనబడింది. పేజీ తిప్పితే ఉండనే ఉంది: 'సముద్రం: పొడి 5 గ్రాములు, నీళ్ళు 500 వరకు.' కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి చిన్న అక్షరాలెందుకు? ఆయన పుస్తకం మూసేశారు.

తలుపులు, కిటికీలు బిగించి ఉండటంతో గది ఉడికిపోతోంది. నుదుటి మీద చెమట పట్టింది. తలుపు మీది కాగితం గుర్తొచ్చింది కానీ, ఫ్యాన్ వద్దన్నది కరెంటు ఆదా కోసమేనని తేల్చుకుని స్విచ్ వేశారు.

డబ్బా మూత తీసి, త్రాసు పళ్ళెంలోకి చెంచాతో పొడి వేశారు. అయిదు గ్రాములు. చూస్తుండగానే అంకె నాలుగున్నరకి దిగింది. ఇంకాస్త వేశారు. అయిదు. మళ్ళీ నాలుగు ముప్పావు. ఇంకాస్త వేశారు. ఈసారి అంకె అయిదున్నరకి ఎగిరి, నాలుగుకి దూకింది.

"దొంగ త్రాసు!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఆయన గుండె ఉప్పొంగింది. ఇంట్లోనే ఒక మోసగాడిని పట్టుకున్నారు మరి. అంకె దిగినప్పుడల్లా చెంచా వేస్తూ, దిగినప్పుడల్లా వేస్తూ, చివరికి అది అయిదు దగ్గర ఒక్క రెప్పపాటు ఆగగానే చటుక్కున పళ్ళెం లాగేశారు. పళ్ళెంలోంచి పొడి లేచిపోతోందని ఆయనకి తట్టలేదు. ఆ పొడి అంత సన్నం. గాలిలో ఉన్నా కనబడదు, గోడ మీద వాలినా కనబడదు.

ఇక కలపడం. గ్లాసు జాడీలో పొడి వేసి, అర లీటరు వేడినీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించారు. పొడి కరగలేదు. ఉండలు కట్టి పైకి తేలింది. గరిటెతో ఒక ఉండని నొక్కితే అది పక్కకి జారి ఇంకో ఉండతో జత కట్టింది. పావుగంట వాటిని వేటాడి, ఆఖరికి చేతిరుమాలులో వడకట్టి సీసాలో పోసి, యథాస్థానంలో పెట్టి, రెండు కిలోల రాయికి దణ్ణం పెట్టి పెట్టెలో దాచారు.

చుట్టూ చూశారు. గది ఎప్పటిలాగే శుభ్రంగా ఉంది. ఎందుకైనా మంచిదని ఒక తడిగుడ్డ తెచ్చి నేల మీద ఒక్క తుడుపు తుడిచారు.

తుడిచినంత మేరా నేల నీలంగా మారింది.

ఆయన ఇంకో చోట తుడిచారు. అక్కడా నీలమే. గుడ్డ ఉతికి మళ్ళీ తుడిచారు, నీలం ఇంకా చిక్కబడింది. ఎంత తుడిస్తే అంత సముద్రం. బల్ల తుడిస్తే బల్ల నీలం, కిటికీ చువ్వ తుడిస్తే చువ్వ నీలం. అప్పుడు గానీ ఆయనకి త్రాసు నిర్దోషి అని అర్థం కాలేదు.

ఇంట్లో తెల్లపిల్లి ఒకటుంది, దాని పేరు దూది. తలుపు సందులోంచి వచ్చి, తడి నేల మీద హాయిగా దొర్లి, వరండాలోకి నడిచింది. ఈ రంగులు నూలుకి అంతగా అంటవు, ఉన్నికీ జుట్టుకీ అంటుతాయి. దూది పేరుకే దూది, ఒంటిమీదున్నదంతా జుట్టే. వరండా నుంచి వంటింటి దాకా నీలం అడుగులు నాలుగు చొప్పున తేలాయి.

నాలుగున్నరకి ఇల్లు ఒక కొలిక్కి వచ్చింది. పదకొండు బకెట్ల నీళ్ళు, మూడు పాత తువ్వాళ్ళు ఖర్చయ్యాయి. దూది స్నానాలగదిలో బందీ అయింది. చొక్కా మార్చుకున్న ఇన్‌స్పెక్టరు గారు మొహం మాత్రం కడుక్కోలేదు. నీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆ మధ్యాహ్నమే తెలిసింది కదా. పొడి తువ్వాలుతో తుడుచుకుని అద్దంలో చూసుకున్నారు. మీసం మల్లెపువ్వులా ఉంది. దాహంతో నాలుక పిడచ కట్టుకుపోతున్నా, ఎందుకొచ్చిన గొడవలెమ్మని నీళ్ళు తాగకుండా పేపరు పట్టుకుని కూర్చున్నారు.

అయిదింటికి ఆవిడ వచ్చింది. గుమ్మంలో ఆగి నేల వైపు చూసింది.

"ఇల్లు తుడిచారా?"

"తుడవకూడదా?"

"ముప్పై ఏళ్ళలో మొదటిసారి కదా, అడిగాను. టీ పెట్టనా?"

"వద్దు."

ఆవిడ చేతిసంచీ బల్ల మీద పెట్టి, భర్త దగ్గరికి వచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒంట్లో బాగాలేదా? మీరు టీ వద్దనడమేంటండీ! డాక్టరుకి ఫోన్ చేయనా?"

"అబ్బే, ఇప్పుడు తాగాలనిపిస్తోంది, పెట్టు పెట్టు" అన్నారాయన కంగారుగా.

ఆవిడ టీ తెచ్చింది. గ్లాసులో పొగలు కక్కుతోంది. "జలుబేమోనని నిమ్మరసం పిండాను. వేడివేడిగా తాగండి. గ్లాసు మూతి దగ్గరే పెట్టుకుని ఆవిరి పీల్చండి" అంటూ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు గారు దాహం మీద ఉన్నారు. గటగటా తాగారు. ఆవిరీ పీల్చారు. ఆవిడ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, గిన్నెలో చిలప రంగెక్కుతుంటే చూసినంత శ్రద్ధగా చూస్తోంది.

"ఏమండీ, గదిలోకి వెళ్ళారా?"

"నేనా? గదిలోకా? గుమ్మం కూడా తొక్కలేదు."

"ఫ్యాన్ వేశారా?"

"వెళ్ళనివాణ్ణి ఫ్యానెలా వేస్తానే?"

ఆవిడ లేచి గోడకున్న అద్దం తీసి ఆయన మొహానికెదురుగా పట్టుకుంది. అద్దంలో ఎవరో పెద్దమనిషి, ముక్కు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా మిలమిలలాడే సముద్రం. సరిగ్గా అప్పుడే స్నానాలగదిలోంచి దూది గట్టిగా ఫిర్యాదు చేసింది.

ఇన్‌స్పెక్టరు గారు గ్లాసు కింద పెట్టేశారు. ఇక దాచలేకపోయారు. రాయి, చెక్క, సీసా, తూము, త్రాసు, ఉండలు, అన్నీ వరసగా చెప్పేశారు. "నీ మొదటి పెద్ద పని నేనే పాడుచేశానే. సాయం చేద్దామనే వెళ్ళాను. ఆ రెండు చిలపలూ ఇక కలవవు. రేపు టీచరుకి నేనే చెప్తాను, తప్పంతా నాదేనని."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పై అరలోంచి ఒక సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాని మీద 'ఆముదం' అని రాసి ఉంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ బలవంతాన తాగించిన నాటి నుంచి, ఆ మాట కనబడితే ఇన్‌స్పెక్టరు గారు పది అడుగుల దూరం జరుగుతారు. ఆవిడ మూత తీసి ఒక తెల్ల గిన్నెలోకి కాస్త వంచింది. చిక్కటి సముద్రం.

"మీరు రిటైరైన రోజునే స్టాకులన్నీ ఆముదం సీసాల్లోకి మార్చేశాను."

"మరి సింకులో పోయింది?"

"బట్టలకి పెట్టే నీలిమందు. ఎలాగూ ఏదో ఒకటి ఒలకబోస్తారని మీ కోసమే పెట్టాను."

"అంటే నా మీద నమ్మకం లేదన్నమాట!"

"బోలెడంత నమ్మకం. అందుకే పెట్టాను." అంతవరకు బిగబట్టుకున్న నవ్వు ఆవిడని దాటి బయటపడింది. నవ్వుతూనే కొంగుతో ఆయన మీసం తుడవబోయింది. రంగు పోలేదు. "వేడి, పులుపు రెండూ తగిలాయి కదండీ. ఇక వెంట్రుక పెరిగేదాకా ఇంతే. కానీ నా పని పాడైందని టీచరు ముందు తప్పు ఒప్పుకుంటానన్నారు చూశారూ, దానికోసం ఇంకో నాలుగు రోజులు మీతో పోట్లాడకుండా ఉంటాను."

సోమవారం ఆ రెండు చిలపలూ ఆముదం సీసాలోంచే రంగెక్కి పదింటిలో కలిసిపోయాయి. మధ్యాహ్నం పాటల టీచరు వచ్చి పన్నెండింటినీ ఎండలో పెట్టి చూసి, ఒక్కదాన్నీ వేరు చేయలేకపోయింది. సంతోషంగా సంచీలో సర్దుకుంటూ, ఎదురుగా పేపరు చాటు నుంచి కనబడుతున్న ఇన్‌స్పెక్టరు గారి మీసాన్ని చూసి ఆగిపోయింది.

"ఆ రంగు... అది భలే ఉందండీ! దీనికన్నా చిక్కగా. పెద్ద పిల్లల మఫ్లర్లకి అది కావాలి. ఇరవై చిలపలు. అచ్చం అదే రావాలి సుమా."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు పేపరు దించి మీసం దువ్వుకున్నారు. ఎట్టకేలకి ఈ ఇంట్లో ఆ మీసానికి గౌరవం దక్కింది.

టీచరు వెళ్ళగానే ఆవిడ నోటు పుస్తకం, ఆయన చేసిన సీసా, ఒక ఖాళీ చీటీ తెచ్చి ముందు పెట్టింది. "చెప్పండి. పొడి ఎంత వేశారు?"

"అయిదు గ్రాములు."

"ఎన్నిసార్లు?"

ఇన్‌స్పెక్టరు గారు ఫ్యాన్ వైపు చూశారు, దూది వైపు చూశారు. దూది నీలం వీపు నాక్కుంటోంది. ఎన్ని చెంచాలు వేశారో, అందులో ఎంత గాలికి పోయిందో, రుమాలులో ఎన్ని ఉండలు మిగిలాయో ఆయనకి తెలియదు.

"తెలియకపోతే నేనే ఒక్కో గ్రాము పెంచుకుంటూ, మీ మీసం పక్కన పెట్టి చూసుకుంటూ కనిపెడతాను. అప్పటిదాకా గొరిగించుకోవడానికి వీల్లేదు" అంది ఆవిడ, కలం ఆయన చేతికిస్తూ. "ముందు సీసాకి చీటీ రాయండి. తూకం మీదే కాబట్టి సంతకం కూడా మీదే ఉండాలి."

ముప్పై రెండేళ్ళలో లక్ష తూకాలకి ముద్ర వేసిన చేత్తో ఇన్‌స్పెక్టరు గారు, ఆముదం తాగిన మొహంతో, గుండ్రటి అక్షరాల్లో రాశారు: 'ఇన్‌స్పెక్టరు నీలం. తూకం తెలియదు.' కింద సంతకం పెట్టి, తేదీ వేశారు.