చక్రాలు తీయండి, చక్రాలు పెట్టండి

ఆ ఉదయం తీర్పులన్న వేసుకున్న పథకం చిన్నదే. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకునేలోగా పేపరు చదివేయాలి, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా బట్టలు రుద్దాలి. ఇందులో రెండో సగం పెళ్లయిననాటి నుంచీ అమలుకు రాలేదు. ఆయన చదివేవాడు, ఆయన భార్య రుద్దేది.

ఆ వీధి కాలిబాట మీద బళ్లు పెట్టుకున్నవాళ్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కోర్టు తుమ్మినా, కొత్త చట్టం దగ్గినా ముందు ఆయనకే తెలియాలి. అందులో తప్పేం లేదు. చట్టాలు చేసేవాడికి బండి లేదు, బండి ఉన్నవాడికి చట్టం చెప్పే దిక్కు లేదు. ఎవడో ఒకడు చదవాలి గదా! పైగా ఆ రోజు మున్సిపాలిటీ లారీ వస్తోందని కబురు. లారీ వస్తే బండి పోతుంది. బండి పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

"దొరికింది!" అని తీర్పులన్న కేక పెట్టాడు. "కొత్త చట్టం వచ్చేసింది! కదలకుండా ఒకచోట పాతుకున్న దుకాణాన్ని ఎవడూ ముట్టుకోకూడదంట. చక్రాలుంటే మాత్రం ఎత్తుకుపోవచ్చంట. పీకేయండి చక్రాలు!"

"పీకేసి బండిని దేనిమీద పెట్టాలన్నా, నా నెత్తిమీదా?" అంది పళ్లబండి అక్క.

"ఇటుకలున్నాయి గదక్కా!"

సైకిల్ మెకానిక్ పాన పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ముందు అధ్యక్షుడి బండికే ముహూర్తం పెట్టారు. పైన ఆయన భార్య చొక్కా కాలరు మీద పెట్టె తిప్పుతూనే ఉంది, కింద చక్రాలు ఊడిపోయాయి. "బండి ఊగిందా, చొక్కా కాలుద్ది. చొక్కా కాలిందా, నిన్నే తొడుక్కుని తిరగమంటా ఆ చొక్కావాణ్ని," అందామె తల ఎత్తకుండానే.

వీధిలో చక్రాలన్నీ ఒక గుట్టగా పడ్డాయో లేదో, తీర్పులన్న ఫోను మోగింది. కోర్టులో బంట్రోతుగా ఉన్న బావమరిది.

"బావా, విన్నావా? పాతుకున్నవన్నీ ఆక్రమణలేనని నిన్న సాయంత్రం తీర్పొచ్చింది. కదిలే బళ్లనే ఉండనిస్తారంట."

"నిన్న సాయంత్రం వస్తే ఇప్పుడా చెప్పేది?"

"నిన్న నువ్వు ఫోనెత్తితే గదా! ఎవరికో ఉపన్యాసం ఇస్తున్నావని మా అక్క చెప్పింది."

"చక్రాలు పెట్టండి!" అని అరిచాడు తీర్పులన్న.

పెట్టడం పీకినంత సులువు కాదు. గుట్టలో ఏ చక్రం ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. పళ్లబండికి ఒకపక్క తన పెద్ద చక్రం, ఇంకోపక్క తాళాలు బాగుచేసే తాత బండి బుల్లి చక్రం పడ్డాయి. బండి ఒరిగింది. జామకాయలు వీధి కొలవడానికి బయల్దేరాయి. "ఒరే అబ్బాయ్, నా చక్రం అది!" అని తాత దాన్ని పీకబోతే, అక్క బండిని భుజంతో ఆపి శాపనార్థాలు మొదలెట్టింది. మెకానిక్ మాత్రం తీసినందుకు ఒక రేటు, పెట్టినందుకు ఒక రేటు వసూలు చేశాడు. తీర్పులు మారితే లాభపడేవాడు ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు.

మళ్లీ ఫోను.

"బావా, ఆ తీర్పు మీద పైకోర్టు రాత్రికి రాత్రే స్టే ఇచ్చిందంట. ఎక్కడివి అక్కడ, ఎలా ఉన్నవి అలాగే ఉండాలంట."

"ఎవరూ కదలొద్దు!" తీర్పులన్న గొంతు చించుకున్నాడు. "ఎలా ఉన్నవాళ్లు అలాగే ఉండండి! కదిలితే కోర్టు ధిక్కారం!"

వీధి బొమ్మల కొలువైపోయింది. అక్క భుజం మీద బండి, తాత చేతిలో చక్రం, మెకానిక్ నోట్లో బోల్టు. ఇస్త్రీబండి దగ్గర తీర్పులన్న భార్య మాత్రం ప్యాంటు మడత తిప్పింది.

"ఓసేయ్, కదలొద్దన్నానా!"

"ఈ ప్యాంటు పదింటికి ఆఫీసుకెళ్లాలి. నీ కోర్టు తొడుక్కుని వెళ్తాడా ఆయన?"

అప్పుడే లారీ వచ్చింది. దిగిన ఆఫీసరు ఆ బొమ్మల్ని చూసి జడుసుకున్నాడు.

"సార్, మా చక్రాలు చట్టప్రకారమే ఉన్నాయి," అన్నాడు తీర్పులన్న, పెదాలు మాత్రమే కదిపి.

"చక్రాల గొడవ మాకెందుకయ్యా? కోర్టులో తేలేదాకా ముందు పేర్లు రాసుకురమ్మన్నారు. మేం వచ్చేసరికి ఎవరు వ్యాపారం చేస్తూ కనబడితే వాళ్లకి ఇక్కడే ఉండనిచ్చే కార్డు. ఊరికే నిలబడ్డవాళ్లు ఖాళీ చేయాలి. ఇక్కడెవరూ ఏమీ అమ్ముతున్నట్టు లేదే!"

అని ఒక అడుగు ముందుకేశాడు. జామకాయ పచ్చడైంది.

"తొక్కావు గదా, డబ్బులియ్యి!" అంది అక్క. ఆయన ఇచ్చాడు. "అమ్మానా లేదా? రాసుకో నా పేరు!" ఆయన రాసుకున్నాడు. ఈలోగా హడావుడిలో తాళంచెవి లోపలే మరిచి లారీ దిగి తలుపేసేశాడు డ్రైవరు. తాత వంపు తీగతో చిటికెలో తెరిచి చెయ్యి చాపాడు. ఆయన పేరూ ఎక్కింది. మెకానిక్ పేరు సరేసరి, చేతిలో చిల్లరే సాక్ష్యం.

మిగిలింది ఇస్త్రీబండి.

"ఈ బండి నాది సార్. సంఘాధ్యక్షుణ్ని," అన్నాడు తీర్పులన్న.

"రుద్దుతున్నది ఆవిడ గదా. నువ్వేం చేస్తుంటావు?"

"తీర్పులు చదివి చెబుతుంటాను."

"డబ్బులకా?"

"ఛీ ఛీ! ప్రజాసేవ సార్."

"అయితే వ్యాపారం కాదు," అని ఆఫీసరు ఆవిడ ఫొటో తీసుకుని కార్డు ఆవిడ పేరున రాసి, అధ్యక్షుణ్ని కాలిబాట దిగమన్నాడు.

కార్డున్నవాళ్లు ఒక సహాయకుణ్ని పెట్టుకోవచ్చని తీర్పులన్న ఆ సాయంత్రమే కనిపెట్టి, భార్యకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అది ఇంకా ఆమె పరిశీలనలో ఉంది.