నాలుగు రాష్ట్రాల మీదుగా తాతగారి రివాల్వరు

"పౌరుడి స్వేచ్ఛకు బ్రేకులుండవు. వచ్చే శనివారం పెన్సిల్వేనియా నుంచి న్యూ హాంప్‌షైర్ దాకా, నాలుగు రాష్ట్రాల మీదుగా, మా తాతగారి రివాల్వరును కారులో తీసుకువెళ్తాను. ఒక్క క్షణమైనా ఆగను, ఒక్క చట్టం కూడా అతిక్రమించను. చట్టానికి లోబడిన మనిషి ఎన్ని అగచాట్లు పడుతున్నాడో దేశం కళ్ళారా చూస్తుంది."

శాసనసభ్యులు హార్లన్ డీట్స్ గారు మంగళవారం ఈ ప్రకటన చేసినప్పుడు విలేకరులు ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ప్రకటన రాసింది ఆయన కార్యదర్శి వెండెల్ క్రాట్స్. పద్నాలుగేళ్ళుగా డీట్స్ గారి ఆవేశమంతా వెండెల్ చేతిరాతే. బ్రేకుల మాట రాసినందుకు ఆ రోజంతా తనని తానే మెచ్చుకున్నాడు. అంత తెలివైనవాడికి రివాల్వరు మోసేది ఎవరన్న సంగతి మాత్రం తట్టలేదు.

గురువారం తుపాకుల కొట్లో తట్టింది.

"ఇక్కడ సంతకం పెట్టు. ఇవాళ్టి నుంచి అది నీ పేరు మీద ఉంటుంది" అన్నారు డీట్స్ గారు.

"మీ తాతగారిది కదా సార్?"

"చూడు వెండెల్. నేను జైలుకెళ్తే ఉద్యమం ఆగిపోతుంది. నువ్వెళ్తే ఊపందుకుంటుంది."

ఇంత నిజాయితీగా మాట్లాడే నాయకుడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? వెండెల్ సంతకం పెట్టాడు. కాదనడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. అందుకే రాజకీయాల్లో ఇంత కాలం నిలిచాడు.

కేంద్ర చట్టం చక్కగానే ఉంది. బయలుదేరే చోటా చేరే చోటా తుపాకీ చట్టబద్ధమైతే, గుళ్ళు తీసేసి, తాళం వేసి, డిక్కీలో పెట్టుకుని మధ్య రాష్ట్రాలు దాటిపోవచ్చు. దాటిపోవాలి, మకాం వేయకూడదు. మరి కాఫీకి ఆగితే మకామా కాదా అని వెండెల్ అడిగితే, "ఏ జడ్జి ముందు నిలబడ్డావన్నదాన్ని బట్టి" అన్నాడు పార్టీ లాయరు. జడ్జి ఔనంటే ఉద్యోగం, పింఛను పోయి ఏళ్ళ తరబడి లోపలే. వెండెల్‌కి నిద్ర పట్టలేదు. ఒకే ఒక్క ప్రయాణం అని సర్ది చెప్పుకున్నాడు. మధ్యాహ్నానికి న్యూ హాంప్‌షైర్‌లో జరిగే తుపాకుల సంఘం మహాసభలో వేదిక మీద ఆ రివాల్వరును సంఘానికి బహూకరిస్తారు, అక్కడే పేరు మారుతుంది. కిరాయి కారు అక్కడే అప్పగించి, సాయంత్రం విమానంలో ఇల్లు చేరచ్చు.

శనివారం తెల్లారి ఐదింటికి బయలుదేరారు. డిక్కీలో రెండు ఇనప్పెట్టెలు, ఒకదాంట్లో రివాల్వరు, ఇంకోదాంట్లో గుళ్ళు. 1931లో డీట్స్ గారి తాతగారు ఆ రివాల్వరుతో బెదిరించే ఒక కోళ్ళదొంగను పట్టుకున్నారట. ఆ దొంగ ఆయన సొంత తమ్ముడేనన్న సంగతి ప్రకటనలో రాయలేదు. డీట్స్ గారు వెనక సీట్లో ఉప్పు అద్దిన ప్రెట్జెల్ బిస్కెట్ల సంచీ, రెండు లీటర్ల కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నారు.

న్యూజెర్సీ దాటేసరికి కాఫీ అయిపోయింది. న్యూయార్క్‌లో ఆయన మాటలు తగ్గాయి. కనెక్టికట్ బోర్డు కనపడగానే ముందుకు వంగారు.

"వెండెల్, ఒక్క నిమిషం పక్కకి ఆపు."

"ఆగితే మకాం అంటారేమో సార్."

"మకాం కాదయ్యా, అవసరం."

"ఒక్క క్షణమైనా ఆగను అని ప్రకటనలో ఉంది సార్."

"ఏ వెధవ రాశాడది?"

"నేనే సార్."

వెనక నుంచి ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు వినిపించింది. వెండెల్ అద్దంలోకి చూడకుండా జాగ్రత్తపడ్డాడు. పారబోద్దామంటే కిటికీలోంచి పారబోయడం కూడా నేరమే. మూత మళ్ళీ గట్టిగా బిగించి, చరిత్రలో ఏ చట్టసభ సభ్యుడూ చట్టాన్ని ఇంతగా గౌరవించి ఉండడని డీట్స్ గారు అన్నారు. వెండెల్ కూడా పొద్దున కాఫీ తాగాడు. కానీ అతని రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.

పది మైళ్ళు పోయాక వెనక పోలీసు దీపాలు వెలిగాయి. వెండెల్ పక్కకి తీసి, చేతులు స్టీరింగు మీద పరిచి, కిటికీ దించీ దించకముందే చట్టం మొత్తం అప్పజెప్పాడు. డిక్కీలో పెట్టెలు రెండు, తాళాలు రెండు, గుళ్ళు వేరు, రివాల్వరు వేరు, ఆగింది మీరు ఆపారు గనకే.

పోలీసాయన ఓపిగ్గా విన్నాడు. "బాబూ, అరవై ఐదు మైళ్ళ వేగంతో పోయే రోడ్డు మీద ముప్పై ఎనిమిదిలో పోతున్నావు. వెనక చెత్త లారీ హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయింది. అందుకని ఆపాను."

"తప్పైపోయింది సార్."

"వెనకాయన ఒళ్ళో ఆ ఫ్లాస్కేంటి? మందా?"

"కాదు" అన్నారు డీట్స్ గారు.

"మూత తియ్యండి."

"అది నా సొంతం ఆఫీసర్."

తీయించాడు. వాసన చూశాడు. సర్వీసులో చాలా చూసినవాడిలా మూత తనే జాగ్రత్తగా బిగించి, "వెళ్ళండి, కాస్త త్వరగా వెళ్ళండి" అని మాత్రం అన్నాడు.

మసాచుసెట్స్‌ని వెండెల్ పళ్ళ బిగువున దాటాడు. చేరాల్సిన రాష్ట్రంలో ఆగితే మకామనరు గనక, న్యూ హాంప్‌షైర్‌లో మొదటి పెట్రోలు బంకు దగ్గర ఆపి మరుగుదొడ్డికి పరుగెత్తి వెళ్ళొచ్చాడు. బతుకు మీద మళ్ళీ ఆశ పుట్టింది. పన్నెండున్నరకి మహాసభ గేటు ముందు కారు ఆగింది. ఇంకో గంటలో ఆ రివాల్వరు ఇంకెవరిదో అవుతుంది. వెండెల్ పెట్టె చేతిలోకి తీసుకుంటే కళ్ళు చెమర్చాయి.

గేటు దగ్గర ఒక పెద్దావిడ, మెళ్ళో కార్యకర్త కార్డుతో నిలబడి ఉంది.

"అందులో ఏముంది నాయనా?"

"రివాల్వరండీ. వేదిక మీద బహూకరించడానికి."

"తుపాకులు లోపలికి రానివ్వం."

"ఇది తుపాకుల మహాసభే కదండీ?"

"అందుకేగా మరి." ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసి చదివింది. "ఏడో నిబంధన. విశిష్ట అతిథుల అమూల్యమైన ప్రాణాల దృష్ట్యా సభలోకి గానీ పార్కింగులోకి గానీ ఎలాంటి ఆయుధమూ అనుమతించబడదు. ఎనిమిదోది. బహుమతులు వేదిక మీద మాత్రమే స్వీకరించబడును."

"సబబైన నిబంధనలు" అన్నారు డీట్స్ గారు. "ఆ గుంపులో ఎవడి జేబులో ఏముందో ఎవరికి తెలుసు? రాసినవాడెవడో గానీ భాష మీద మంచి పట్టుంది."

'అమూల్యమైన ప్రాణాలు' అన్న చోటే వెండెల్ గుర్తుపట్టాడు. మార్చి నెలలో ఆహ్వాన సంఘం అధ్యక్షుల హోదాలో డీట్స్ గారు చెబితే, ఒక మధ్యాహ్నం భోజనానికి ముందు తనే రాశాడు. ఆకలి మీద ఉండి కూడా ఎంత బాగా రాశానా అని అప్పుడు మురిసిపోయాడు.

"మరి దీన్నేం చెయ్యను సార్?"

"ఏముంది, వచ్చిన దారినే తీసుకెళ్ళిపో. నీ పేరు మీదే ఉందిగా, ఇబ్బందేం లేదు. నాకు సాయంత్రం విమానం ఉంది." డీట్స్ గారు కోటు సర్దుకున్నారు. "నువ్వు దారిలో ఉన్నావని సభలో చెబుతాను. జనం లేచి నిలబడతారు చూడు."

పెట్టె మళ్ళీ డిక్కీలోకి వెళ్ళింది. వెండెల్ కారు తిప్పుతుంటే డీట్స్ గారు వెనక్కి వచ్చి కిటికీ మీద తట్టారు. ఆయన కళ్ళలో నిజంగానే ఆప్యాయత ఉంది.

"వెండెల్, ఆ ఫ్లాస్కు నువ్వే ఉంచేసుకో. దారిలో ఆగకు."

పద్నాలుగేళ్ళ సేవలో ఆయన చేతి మీదుగా అందిన మొదటి బహుమతి అది. లోపల మైకులో డీట్స్ గారి పేరు పిలిచారు, హాలంతా చప్పట్లు మోగాయి. వెండెల్ వెనక సీట్లోంచి ఫ్లాస్కు అందుకుని ఊపి చూశాడు. నిండుగా ఉంది.