తిరుపతిరావు గారికి పెట్టె

పద్యనాటకాల వాళ్ళు చెప్పిన వేళకు రారు. జగ్గయ్యపేటలో రారు, నందిగామలోనూ రారు. హార్మోనియం తిరుపతిరావు ముప్పై ఎనిమిదేళ్ళు వాళ్ళతో తిరిగి తేల్చుకున్న సంగతి ఇది. దీని మీద ఆయన చర్చకు ఒప్పుకోడు.

వాళ్ళ నాటక సమాజం ఆడే ‘చంపకపుర విజయం’ పద్యాలన్నీ ఒకసారి రికార్డు చేసి పెడదామనుకుని అయిదేళ్ళయింది. మొదటి ఏడు రాజు వేషం ప్రేమానందానికి గొంతు పట్టేసింది. రెండో ఏడు గొంతు బాగానే ఉంది కానీ, నాలుగు గోడల మధ్య పాడలేనన్నాడు. ఎదురుగా మనుషులు కూర్చుని “వన్స్‌మోర్” అని అరవకపోతే అతని రాగం సగంలోనే వాడిపోతుంది. ఆ తర్వాత రెండేళ్ళు రికార్డు కవరు మీద ఎవరి పేరు ముందుండాలన్న పేచీతో గడిచాయి. మధ్యలో తిరుపతిరావు భార్య భారతీదేవి పోయింది. పోయే ముందు, “ఇన్నేళ్ళూ నా చెవులు తిన్నారు. తీరా వినాలనిపిస్తే ఒక్క ముక్క లేదు” అంది. ఆవిడ అన్న మాటల్లో ఆయన కాదనలేకపోయింది అదొక్కటే.

ఈసారి వాయిదాకు వీల్లేదు. రాణి వేషం సౌభాగ్యమ్మకు సోమవారం పళ్ళన్నీ పీకేస్తున్నారు. ఆ తర్వాత ఆవిడ నోట ‘స’ పలకదు, ‘శ’ పలకదు. ఆవిడ పద్యాల్లో అవి తప్ప వేరే అక్షరాలు తక్కువ. కాబట్టి ఆదివారం పొద్దున పదింటికి, నందిగామలో, పెళ్ళి వీడియోలు తీసే కల్యాణ్ మేడ మీది గదిలో రికార్డింగు అనుకున్నారు. పన్నెండింటికి కల్యాణ్ వేరే పెళ్ళికి పోవాలి.

తిరుపతిరావు తొమ్మిదికే బస్సు దిగాడు. నడుం నొప్పి వల్ల హార్మోనియం పెట్టె మోయలేడు. దాన్ని కారులో వేసుకొస్తానని ప్రేమానందం మాటిచ్చాడు. పదిన్నరకు వచ్చాడు. ఉత్త చేతులతో వచ్చాడు.

“పెట్టె ఏదయ్యా?” అన్నాడు తిరుపతిరావు.

“అయ్యో, మర్చేపోయా మాస్టారూ! రాగం తీసుకుంటా వస్తున్నానండి. నందిగామ దాటింది కూడా తెలీలా. కీసర దాకా పోయి వెనక్కొచ్చా.”

తిరుపతిరావు వెళ్ళి గోడకానుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఆయన కోపం అలాగే ఉంటుంది. సౌభాగ్యమ్మ కూతురు బేబి చొరవ చేసి జగ్గయ్యపేటలో పుల్లమ్మకు ఫోన్ చేసింది. పుల్లమ్మది తిరుపతిరావు పక్కిల్లు. ఇంటి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది.

“పిన్నిగారూ, తిరుపతిరావు గారికి అర్జంటుగా పెట్టె కావాలండి. నందిగామ పంపించాలి.”

“పెట్టా!” అంది పుల్లమ్మ. “అయ్యో రాత! పొద్దున బాగానే బస్సెక్కాడు కదే!”

“బాగానే వచ్చారండి. ఇందాకే ఇట్టా అయింది.”

“ఇప్పుడెట్టా ఉన్నాడు?”

“ఏముందండీ, బిగుసుకుపోయారు. మాటా పలుకూ లేదు. గోడకి ఆనించి కూర్చోబెట్టాం.”

అదే సమయంలో వెనక సౌభాగ్యమ్మ గొంతు సవరించుకోవడానికి రాణి శోకం ఎత్తుకుంది. “నాథా! నన్నొంటరిని జేసి పోతివా!” అన్న చోట ఆవిడ రాగం నిమిషన్నర ఉంటుంది. పుల్లమ్మ అంతా విన్నది.

“తొందరగా పంపించండి పిన్నిగారూ, లేటయితే అంతా పాడైపోద్ది” అని బేబి ఫోన్ పెట్టేసింది.

పుల్లమ్మను అనడానికి లేదు. తిరుపతిరావు హార్మోనియాన్ని ఆవిడ ఏనాడూ పెట్టె అనలేదు, ‘ఆ మోత’ అనేది. ఆవిడకు తెలిసిన పెట్టె ఒక్కటే, శవాన్ని ఉంచే ఐసుపెట్టె. మూడేళ్ళ క్రితం భారతీదేవికి దాన్ని పిలిపించింది కూడా ఆవిడే. నంబరు ఇంకా ఫోన్లోనే ఉంది. ముందు పెట్టె వాడికి చేసింది. తర్వాత ఈ రికార్డింగుకు కవర్లు అచ్చేస్తున్న సతీష్‌బాబుకు చేసింది. సతీష్‌బాబు ఊరందరికీ చేశాడు.

పదకొండున్నరకు కల్యాణ్ మేడ కింద ఒక ట్రాలీ ఆటో ఆగింది. వెనకే రెండు కార్లు, ఒక వ్యాను. నలుగురు మనుషులు గాజుమూత పెట్టెను మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చి గది మధ్యలో దించారు. పెట్టె మనిషి ఎవరినీ అడక్కుండా ప్లగ్గు వెతికి పెట్టేశాడు.

“ముందు చల్లబడాలండి. బాడీ ఎక్కడ?”

తిరుపతిరావు కళ్ళు తెరిచాడు. “నేనే” అన్నాడు.

అప్పటికి గది నిండా దండలు పట్టుకున్న జనం. పుల్లమ్మ ఏడుపు మధ్యలో ఆపి ఆయన్ని కిందికీ మీదికీ చూసింది.

“ఏవయ్యా, బతికుండి పెట్టె తెప్పించుకుంటావా? స్టవ్వు మీద పప్పు దించకుండా వచ్చా!”

“నేను అడిగింది హార్మోనియం.”

“ఆ మోతా? ఆ ముక్క ఆ పిల్ల చెప్పొద్దూ!”

బేబి వాళ్ళమ్మ వెనక దాక్కుంది. పెట్టె మనిషి మాత్రం తన పద్ధతి తను చెప్పాడు. ఒకసారి ఇంట్లో దించి కరెంటు పెట్టిన పెట్టెను గంట తిరక్కుండా ఎత్తితే అరిష్టమట, ఇంకో ప్రాణాన్ని వెతుక్కుంటుందట. ఆ మాట విని జనం ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుండిపోయారు. పెట్టె ఒక్కటే గుయ్యిమంటోంది.

తిరుపతిరావు చెవి ఆయన మాట వినదు, ఆ గుయ్యికి కూడా శ్రుతి చూసేసింది. “నాలుగు శ్రుతి” అన్నాడు పైకే. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

ప్రేమానందం తల తిప్పాడు. ఎదురుగా యాభై మంది మనుషులు, అయిదేళ్ళుగా అతనికి దొరకని మనుషులు. వెనక ఎక్కడా చెదరని శ్రుతి. మైకు ముందుకు జరిగి పద్యం ఎత్తుకున్నాడు.

“ఆగవయ్యా, పెట్టె రానీ! నా పెట్టె!” అన్నాడు తిరుపతిరావు.

“మీ పెట్టొచ్చేసరికి నేను పెళ్ళిలో ఉంటానండి” అన్నాడు కల్యాణ్, మీట నొక్కుతూ.

“రేపీపాటికి నాకు పళ్ళుండవు మాస్టారూ” అంది సౌభాగ్యమ్మ.

ప్రేమానందం అంత బాగా ఏ స్టేజీ మీదా పాడలేదు. దండలు పట్టుకున్నవాళ్ళు వాటిని అతని మెడలోనే వేశారు. రాణి శోకానికి పుల్లమ్మ నిజంగా ఏడ్చింది. ఎంతైనా ఏడవడానికి వచ్చిన మనిషి. “వన్స్‌మోర్!” అని మొదట అరిచింది పెట్టె మనిషే. గంటలో అయిపోవలసింది గంటన్నర పట్టింది. కల్యాణ్ పెళ్ళికి ఫోన్ చేసి, ఒకచోట చావులో ఇరుక్కుపోయానని చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వాళ్ళకు వరసలు కట్టిన మనిషి ఐసుపెట్టె పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రికార్డులో ఆయన చప్పుడు ఒక్కటే ఉంది. మూడో పద్యం మధ్యలో దగ్గాడు.

అంతా అయ్యాక సతీష్‌బాబు మొహమాటపడుతూ సంచి విప్పాడు. పెన్‌డ్రైవు కవర్లు వెయ్యి. కబురు అందగానే పేరు సరిచేసి మరీ అచ్చేసుకొచ్చాడు. అన్ని పేర్లకన్నా పైన, ఆయన ఫోటో, దాని పక్కన దీపం బొమ్మతో, ‘హార్మోనియం: కీర్తిశేషులు తిరుపతిరావు గారు’ అని ఉంది. పేర్ల పేచీ కూడా ఆ దెబ్బతో తీరిపోయింది. పోయినవాడి పేరు ముందుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

“తగలెయ్” అన్నాడు తిరుపతిరావు.

“ఫోటో మంచిగొచ్చింది మాస్టారూ” అన్నాడు సతీష్‌బాబు. “ఎట్టాగూ ఇందులో మీ హార్మోనియం లేదు కదండీ, చూసినవాళ్ళకి కారణం తెలియాలిగా.”

“ఇప్పుడు బయటపెడితే అబద్ధమవుద్ది. కొన్నాళ్ళు ఆగుదాం” అన్నాడు ప్రేమానందం పెద్దమనిషిలాగా.

“ఎన్నాళ్ళు?” అన్నాడు తిరుపతిరావు.

పుల్లమ్మ పెట్టె వంక చూసింది.

సౌభాగ్యమ్మ పళ్ళు సోమవారం అనుకున్న వేళకే ఊడాయి. రికార్డింగు మాత్రం ఇంకా బయటికి రాలేదు. సమాజం వాళ్ళు వారానికోసారి ఫోన్ చేసి తిరుపతిరావు ఆరోగ్యం కనుక్కుంటుంటారు. బాగానే ఉన్నానంటాడాయన. అయితే వచ్చే వారం చేస్తామని వాళ్ళు పెట్టేస్తారు. కిందటి నెల ఆయనకు విసుగొచ్చి, ఆ రికార్డింగు సంగతి ప్రాణం పోయేదాకా మళ్ళీ ఎత్తనని తేల్చి చెప్పాడు.

అప్పటిదాకా మేమూ ఎత్తమండీ, అన్నారు వాళ్ళు.