పట్నం చూసొచ్చిన మెత్త

"హైదరాబాద్‌ల నాకు అన్నానికి ఫికర్ లేదు. ఎవరింట్ల తినాలె, ఎవరి మనసు నొప్పియ్యాలె, అదే నా ఫికర్!"

వరంగల్ చౌరస్తల ఇత్తడి సామాన్ల దుకాణం పాండురంగం ఈ మాటన్నది గద్దె మీద కూసోని, బజారంత ఇనేటట్టు. యుద్ధం నడిచే రోజులు. పట్నంల బియ్యం రేషన్ మీద ఇస్తాండ్రు. అసొంటి కాలంల దోస్తులు తనకు అన్నం పెట్టనీకె కొట్లాడుకుంటరని చెప్పాలంటె మస్తు ధైర్యం కావాలె. పాండురంగానికి అది దండిగ ఉంది.

ఎదురు దుకాణం లక్ష్మీనారాయణ ఆయనకు వరుసకు బామ్మర్ది. "బావా, జర ఇన్ని బియ్యం ముల్లె కట్టుకొని పో. పట్నంల సుట్టం వస్తాండంటె తలుపులు పెట్టుకుంటాండ్రట" అన్నడు.

"ముల్లె కట్టుకొని పోనీకె నేను కూలికి పోతాన్ననా? దోస్తులను చూడ పోతాన్న."

అన్నంక ఇగ ఎనుకకు తీసుకునేది లేదు. పట్నంల పస్తున్నడని తెలిస్తె లక్ష్మీనారాయణ జన్మంత ఎత్తిపొడుస్తడు.

ఇంట్ల కమల ఈ గొప్పలేం పట్టించుకోలె. తొవ్వల బియ్యం గుంజుకునే పోలీసోళ్ల కండ్లల్ల పడకుండ, తలకింది మెత్తల దూది తీసేసి సన్నబియ్యం పోసి కుట్టింది. "మీ దోస్తు ఇల్లాలి చేతుల పెట్టుండ్రి. పాపం, ఆసరైతది" అన్నది మొగనితోని. పాండురంగం సరే అన్నడు గని, మెత్తను మెత్త లెక్కనే తీసుకపోవాలని మనసుల గట్టిగ అనుకున్నడు. పట్నం మర్యాద తెలిసినోడు గనుక తలకు మల్లెపూల వాసనొచ్చే చమేలీ నూనె కారేటట్టు పెట్టుకొని బండెక్కిండు.

సుల్తాన్ బజార్ గల్లీల రాజేశ్వర్ రావు ఇల్లు దొరికేవరకు పగటన్నం యాళ్లయింది. ఇద్దరు హన్మకొండ బడిల కలిసి చదువుకున్నోళ్లు. ఇప్పుడాయన దఫ్తర్ల గుమాస్త. ఎవరన్న వస్తె షేర్వానీ తొడుక్కున్నంకనే తలుపు తీస్తడు.

"రారా పాండురంగం, అన్నం తినకుంటె ఊకోను" అని కావలించుకున్నడు. ఊపిరి తీసుకోకుండనే, "తినే వచ్చినట్టున్నవ్, మొఖం చూస్తెనే తెలుస్తాంది" అన్నడు.

పొద్దటి నుంచి పచ్చి గంగ ముట్టని మొఖమది.

"మన కాచిగూడ సత్యనారాయణ ఇడిచిపెడితె గద. టేషన్‌కే వచ్చి ఇంటికి తీస్కపోయి గొంతుదాక పెట్టిండు" అన్నడు పాండురంగం.

"అయ్యో, ఎంత పనిచేసినవ్" అన్నడు రాజేశ్వర్ రావు. మాటల బాధుంది గని మొఖం మాత్రం వెలిగిపోతాంది. వంటింట్ల ఆయన ఇల్లాలు అనసూయ మెల్లగ అనుకునుడు బయటికి ఇనొచ్చింది. "దేవుడు చల్లగ చూసిండు. ఉన్న సోలెడు బియ్యం పిల్లలకైతది."

ఆ మాటకు పాండురంగం మనసు కలుక్కుమన్నది. మెత్త కుట్టు ఇప్పి ఆమె చేతుల పెడితె ఇంటిల్లిపాది కడుపునిండ తింటరు, వాళ్లతోని తనూ తింటడు. కని బియ్యం ఎంట తెచ్చుకున్నడంటె ఇజ్జత్ ఏం గావాలె? చాయ తాగి, మెత్త తలకింద పెట్టుకొని ఒరిగిండు. చెవికింద బియ్యం గరగరమంటాంటె లోపట పేగులు జవాబు చెప్తాన్నయ్.

పొద్దుగూకంగ కాచిగూడల సత్యనారాయణ ఇంటికి పోయిండు. "రాజేశ్వర్ రావు పెట్టిన భోజనానికి ఇంకా నడుం వంగుతలేదు" అన్నడు. "నా ఇంట్ల తినకుంటె మన దోస్తీ ఖతం" అని ఒట్టు పెట్టబోయిన సత్యనారాయణ నడుమనే ఆగిండు. "కని కడుపునిండినోన్ని బలవంతం చేసుడు పాపం" అని ఒక పాన్ చేతుల పెట్టిండు. ఆ రాత్రి పాండురంగం అక్కన్నే, అదే మెత్త మీద పండుకున్నడు. హోటల్ల తిందామంటె వరంగల్ మొఖం ఏదన్న ఎదురైతదని భయం.

తెల్లారి సాగనంపనీకె దోస్తులిద్దరు నాంపల్లి టేషన్‌కొచ్చిండ్రు.

"మావోనికి మంచిగ తినపెట్టినవట" అన్నడు రాజేశ్వర్ రావు.

"నువ్వు గద పెట్టింది" అన్నడు సత్యనారాయణ.

ముగ్గురు ఇంజిన్ దిక్కు చూసిండ్రు. బండి కదిలేదాక దాని పొగ గురించి చాన శ్రద్ధగ మాట్లాడుకున్నరు.

వరంగల్‌ల ఇల్లు చేరేవరకు లక్ష్మీనారాయణ అరుగు మీదనే కూసోని ఉన్నడు. "బావా, ఏం పెట్టిండ్రు?"

"ఏం పెట్టలేదో అడుగు. గారెలు, బూరెలు, పులిహోర... ఇగ రెండు రోజులు అన్నం మొఖం చూడ."

కమల మెత్త అందుకున్నది. బరువు తగ్గలె, కుట్టు ఊడలె. ఆమెకు సంగతంత తెలిసిపోయింది.

"అట్లయితె ఈ పూట మీకు లంకణమే మంచిది" అన్నది మొగనితోని. "అన్నా, మీరు తిన్నరా?"

"లేదు చెల్లె. ఆకలైతాంది" అన్నడు లక్ష్మీనారాయణ.

ఆ మాట అంత సులువుగ అనొచ్చని పాండురంగానికి అప్పటిదాక తెల్వదు.

కమల మెత్త ఇప్పి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికేదాక పాండురంగం పట్నం భోజనాల కథ చెప్తనే ఉన్నడు. గారెల కాడికొచ్చేవరకు పొయ్యి దిక్కు జరిగి కూసున్నడు.

ఇస్తారిల వేడన్నం, మామిడికాయ పప్పు. లక్ష్మీనారాయణ ఒక ముద్ద తిని ఆగిండు.

"చెల్లె, అన్నం చమేలీ నూనె వాసనొస్తాంది."

"పట్నం పోయొచ్చిన బియ్యం అన్నా. మీ బావ తలకిందనే ఉండి అన్ని చూసొచ్చినయ్. ఎవలు ముట్టలె."

లక్ష్మీనారాయణ తల ఎత్తి, నూనె ఇంక ఆరని బావ తల దిక్కు చూసిండు. ఇగ ఎత్తిపొడుపు మొదలైతదని పాండురంగం కండ్లు మూసుకున్నడు. లక్ష్మీనారాయణ తన ఇస్తారి జర పక్కకు జరుపుకున్నడు.

"బావకు గూడ వెయ్యి చెల్లె."

"అయ్యో, ఇప్పుడే తిని వస్తి గద" అనుకుంటనే పాండురంగం చేతులు కడుక్కొని వచ్చి పీట మీద కూసున్నడు.