చావులేని కత్తిపిడి

మొహమాటం లేకుండా చెబుతున్నాను: కత్తికి చెక్క పిడి వేయించుకునేవాళ్లను ఆరు నెలలు జైల్లో పెట్టాలి!

కోపం తెచ్చుకోకండి. యార్క్ ద్వీపకల్పంలోని ఈ చేపల రేవులో ఇరవై రెండేళ్లుగా కత్తులకు సాన పట్టి, పిడులు మార్చి బతుకుతున్న గార్త్ అనే నేను అనుభవంతో చెబుతున్న మాట. చెక్కంత నమ్మకద్రోహి లోకంలో లేదు. చలికాలం వానలకు ఉబ్బుతుంది, ఎండలకు పగులుతుంది, నెలకోసారి నూనె తాగుతుంది. మా బావమరిది నయం, పిలిస్తేనే వచ్చి తాగుతాడు.

అదే జీ-టెన్‌ను చూడండి! గాజు పీచుతో నేసిన గుడ్డను పొరలు పొరలుగా పేర్చి, రెజిన్ అనే జిగురు పట్టించి, వేడిమీద అదిమి చేసిన పలక. దానికి ఆకలి లేదు, దప్పిక లేదు, రోగం లేదు. ఉప్పునీళ్లలో ఏడాది వదిలేసినా ఉలకదు, పలకదు. మొన్న ఒకాయన కత్తి మీదనుంచి పడవలు లాగే ట్రాక్టర్ వెళ్లింది. టైరు మార్చాల్సి వచ్చింది. ఇంకొకరింట్లో కుక్క పిడిని కొరికింది. పాపం, ఇప్పుడది ఓట్స్ జావతో కాలక్షేపం చేస్తోంది.

అరగదీసేటప్పుడు లేచేది మాత్రం గాజు దుమ్మే. మాస్కు మరిచిపోతే దగ్గు, చేతులకు దురద. అయితేనేం? చావులేనిది పుట్టాలంటే ఎవరో ఒకరు కాస్త దగ్గాలి కదా!

అన్నిటికంటే గొప్ప గుణం ఇంకోటుంది. అది ఎవర్నీ గుర్తుపెట్టుకోదు! చెక్క అలా కాదు. పట్టుకున్నవాడి చేతికి తగ్గట్టు అరిగిపోతుంది. బొటనవేలి దగ్గర గుంట, చిటికెనవేలి దగ్గర నునుపు. పనిముట్టుకు ఇంత పక్షపాతమా?

ఈ సత్యాన్ని చాటే అవకాశం నాకు మెర్ల్ ట్రెంబాత్ అక్క రూపంలో వచ్చింది. ఆవిడ భర్త క్లారీ, వైటింగ్ అనే రకం చేపలు కోయడంలో మా రేవుకే మొనగాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే కత్తి వాడాడు. జూన్‌లో పోయాడు. ఆ కత్తి పట్టుకుని అక్క నా షెడ్డుకొచ్చింది.

“ఒరే గార్త్, పిడిని పట్టి ఉంచే రివిట్టు వదులైందిరా. కాస్త బిగించిపెట్టు. అంతే.”

“నువ్వెళ్లక్కా, నేను చూసుకుంటాగా!”

ఆ ‘అంతే’ నా చెవికెక్కితేనా? మా వృత్తిలో ఇదో జబ్బు. బిగించమంటే మార్చేస్తాం. వంకరపోయి నల్లబడ్డ ఆ చెక్కను ఊడదీసి పొయ్యిలో పడేశాను. నారింజ, నలుపు చారల జీ-టెన్ తొడిగి అద్దంలా మెరిపించాను. డబ్బులొద్దు, ఇది నా కానుక అనుకున్నాను.

రెండో రోజు అక్క వచ్చి, కానుకని నేను చెబుతుండగానే కత్తి అందుకుంది. ఆవిడ బొటనవేలు పిడి మీద అటూ ఇటూ వెతికింది.

“గుంట ఏదిరా?”

“ఏ గుంటక్కా?”

“క్లారీ వేలి గుంట. పొద్దున్నే టీ తాగాక అందులో నా వేలు పెట్టుకుని కూచునేదాన్ని.”

నా నోరు ఊరుకోదు కదా! “ఇది వందేళ్లయినా అరగదక్కా,” అన్నాను.

“అదేరా నా ఏడుపు. ఆ గుంట పడటానికి ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. తీసెయ్యడానికి నీకెంతసేపు పట్టింది?”

“పది నిమిషాలు.”

మా వైపు ఎవరైనా కత్తి కానుకగా ఇస్తే, పుచ్చుకున్నవాళ్లు ఐదు సెంట్ల బిళ్లయినా తిరిగి చేతిలో పెట్టాలి. లేకపోతే ఆ కత్తి స్నేహాన్ని కోసేస్తుందంటారు. పిడి కానుకైనా అదే లెక్క. మెర్ల్ అక్క ఈ ఆచారం ఏనాడూ తప్పని మనిషి. ఆ రోజు పర్సు ఆవిడ చేతిలోనే ఉంది. తెరవలేదు. కత్తిని గుడ్డలో చుట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరకు వేసి వెళ్లిపోయింది.

కాబట్టి పాఠకులారా, జీ-టెన్‌లో ఏ లోపమూ లేదు. నిక్షేపంగా వేయించుకోండి! దేన్నీ గుర్తుపెట్టుకోని అలాంటి గుండె కూడా ఎక్కడైనా దొరికితే చెప్పండి, నాకొకటి కావాలి.

ఐదు వారాలైంది. నన్ను పుట్టినప్పటినుంచీ ‘ఒరే’ అని పిలిచిన అక్క, నిన్న బేకరీ దగ్గర ఎదురుపడి ఎంతో మర్యాదగా పలకరించింది.

“బాగున్నారా, గార్త్ గారూ?”